లదోగా ఇంటి వయసు

స్తారయా లదోగా
1961 సెప్టెంబరు 9

ఒరేయ్ కేషా,

బతికే ఉన్నావా? ఆగస్టులో వచ్చి, నా తవ్వకం గుంటలో కొత్త బూట్లు బురద చేసుకుని, నాకు వండిపెట్టే ఉస్తీన్యా అవ్వ చేత చేపల పులుసు మళ్లీ మళ్లీ పోయించుకుని, పోతూ పోతూ "అక్కా, నీ వర్యాగులు ఎక్కడా కనపడరేం? వోల్ఖోవ్ నదిలో మునిగిపోయారా?" అని వెటకారం చేసి వెళ్లావు కదా. నువ్వు వెళ్లిన వారానికే కనపడ్డారు. మగవాళ్లు కాదు, వాళ్ల ఆడమనిషి.

ఇంతవరకూ తవ్విన అన్నింటికన్నా అడుగు పొరలో ఒక ఇల్లు బయటపడింది. నాలుగు గోడల కింది వరస దుంగలు, మధ్యలో పొయ్యి. ఆ పొయ్యి పక్కన బూడిదలో రెండు కంచు పిన్నులు, తాబేటి చిప్పల్లా ఉబ్బెత్తుగా. సముద్రం అవతల, వర్యాగుల స్వీడన్ వైపు ఆడవాళ్లు భుజానికొకటి చొప్పున గౌను పట్టీలకి పెట్టుకునేవి. మన స్లావు ఆడవాళ్ల బట్టకి అవి పనికిరావు. సంతలో ముచ్చటపడి కొనుక్కునే వస్తువు కాదురా, ఆ గౌను తొడుక్కునేదానికే దాంతో పని. అంటే ఆ పొయ్యి దగ్గర ఒక వర్యాగు ఇల్లాలు గంజి కాచింది.

ఇప్పుడు చెప్పు నాయనా. మీ చరిత్రకారుల్లో పెద్దలేమో, రుస్ రాజ్యం మన స్లావుల్లోంచే మొలిచింది, వర్యాగులు తర్వాతెప్పుడో కూలికి వచ్చిన కత్తిగాళ్లు అంటారు. జర్మన్ పండితులేమో, స్లావులకి చేతకాక వాళ్లని పిలిపించుకున్నారు, రాజ్యం వాళ్లే కట్టిపెట్టారు అంటారు. పాత రాజచరిత్ర రాసిన సన్యాసి ఆ పిలుపుకి 862 అని సంవత్సరం కూడా వేసిపెట్టాడు. నేను అడిగేది ఒక్కటే. కూలికి కత్తి పట్టడానికి వచ్చేవాడు పెళ్లాన్నీ గరిటెనీ వెంటేసుకుని వస్తాడా? నాకేమనిపిస్తుందంటే, ఎవరూ పిలవకముందే వీళ్లు పిలవని పేరంటంలా వచ్చి, స్లావుల పక్కన ఇళ్లు కట్టుకుని, ఇనుము కొట్టుకుంటూ, బొచ్చు అమ్ముకుంటూ బతికారు. తర్వాత వచ్చిన రాజు సంగతి తర్వాత.

అనిపిస్తే సరిపోదని నువ్వంటావు, నిజమే. అందుకే గోడ దుంగల చివర్లు బిళ్లలుగా కోయించాను. బెరడు మిగిలింది ఆ చివర్లకే, అది లేకపోతే కొట్టిన ఏడు తేలదు. మాస్కోలో చెట్టు వలయాలు చూసి ఏ ఏడు కొట్టారో చెప్పేవాళ్లున్నారు, కానీ ఫిబ్రవరి దాకా ఖాళీ లేదట. ఇక్కడి పాకలో ఉంచితే ఎవరైనా వంటచెరకనుకుని ఎత్తుకుపోతారు. ఇన్‌స్టిట్యూట్ నేలమాళిగలో నేవా నది పొంగితే నీళ్లొస్తాయి. సోమవారం మా మ్యూజియం లారీ లెనిన్‌గ్రాద్ వస్తోంది, గోనెల్లో కట్టి పంపుతున్నాను. అమ్మ గదిలో బీరువా వెనక పెట్టు. పొయ్యికి దూరంగా సుమా, వేడికి పగుళ్లిస్తాయి. ఫిబ్రవరిలో నువ్వు సభకి మాస్కో వెళ్తావు కదా, అప్పుడు తీసుకెళ్దువు గాని.

అవి చెప్పే ఏడాది 862కి ముందైతే నా పదిహేనేళ్ల తవ్వకానికి అర్థం దొరుకుతుంది. తర్వాతైతే నోరు మూసుకుంటాను. జాగ్రత్త, కేషా. తవ్విన పొర మళ్లీ పుట్టదు.

మరదలు రిమ్మాకి ఊరబెట్టిన పుట్టగొడుగులు పంపుతున్నాను. జాడీ తిప్పి పంపమను, పోయినసారిది ఇంకా రాలేదు.

నీ అక్క
కాపా

*

లెనిన్‌గ్రాద్
1961 సెప్టెంబరు 28

వర్యాగుల వకీలు, మా అక్క కపితొలీనా సావిష్నాకి,

నీ గోనెలు చేరాయి. లారీ డ్రైవరు వాటిని దింపుతూ, "ఇంత దూరం ఎవరైనా కట్టెలు మోసుకొస్తారా?" అని నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూశాడు. అమ్మ గదిలో, నువ్వు చెప్పినట్టే బీరువా వెనక పెట్టాను. ఐదో అంతస్తు దాకా మోయడానికి నా నడుం ఎంత తిట్టిందో నువ్వు వినలేదు కాబట్టి సరిపోయింది.

కంచు పిన్నులు బాగున్నాయి. కానీ అక్కా, నీ తొందర నాకు తెలుసు. ఒక ఆడమనిషి రెండు పిన్నులు పారేసుకుందని రాజ్యాల పుట్టుక మార్చేస్తే ఎలా? ఆ ఇల్లాలు ఏ స్లావు వర్తకుడో చేసుకొచ్చిన పెళ్లాం కావచ్చు. రేపు మా ఇంటి శిథిలాల్లో రిమ్మా చెక్ చెప్పులు దొరికితే, లెనిన్‌గ్రాద్‌ని చెకోస్లొవేకియా వాళ్లు కట్టారంటావా?

నవ్వు పక్కన పెట్టి ఒక మాట. వచ్చే ఏడాది ఆ 862కి పదకొండు వందల ఏళ్లు నిండుతాయి. "మీకు రాజ్యం కట్టిచ్చింది మేమే" అని బయటివాళ్లు డప్పు కొడతారని మా డైరెక్టరుకి బెంగ. అంతకుముందే నా పుస్తకం రావాలట. లదోగా మీద ఒక అధ్యాయం మొత్తం ఉంది. ఇది గట్టెక్కితే విభాగాధిపతి కుర్చీ నాదే అని అందరూ అంటున్నారు. అందుకని అడుగుతున్నా, ఈ ఇంటి సంగతి నువ్వు ఇంకెవరికీ రాయలేదు కదా? ఏడాది తేలేదాకా రాయకు. గాలి కబుర్లు పుడితే నీకే నష్టం.

జాడీ రిమ్మాకి గుర్తు చేస్తాను. నీ ఆరోగ్యం చూసుకో, బురదలో మోకాళ్ల మీద కూర్చోకు, నీకేం పాతికేళ్లు కాదు.

నీ తమ్ముడు
ఇన్నకెంతీ

*

స్తారయా లదోగా
1961 నవంబరు 20

నడుం నొప్పి తమ్ముడికి,

నది అంచుల్లో మంచు పట్టింది. ఉస్తీన్యా అవ్వా నేనూ పీపా క్యాబేజీ ఊరబెట్టాం. చేతులు ఉప్పుకి పగిలి మండుతున్నాయి, అందుకే ఈ అక్షరాలు ఇలా ఉన్నాయి. చదువుకోలేకపోతే నీ ఖర్మ.

ఎవరికీ రాయలేదు. నీకు తప్ప నేనింకెవరికి రాస్తాను? నాన్న పోయాక, యుద్ధం నుంచి నువ్వు తిరిగొచ్చాక, నా తలలో పుట్టిన ప్రతి పిచ్చి ఆలోచనా ముందు నీకే చెప్పాను. నువ్వు నవ్వుతావు, తప్పులు పడతావు, తర్వాత అది నిజమైన ఆలోచన అవుతుంది. చిన్నప్పుడు నాన్న మనిద్దర్నీ భోజనాల బల్లకి అటూ ఇటూ కూర్చోబెట్టి, "ఆ పిలిస్తే వచ్చిన రాజు రూరిక్ ఎవరు? స్వీడన్ వాడా, మనవాడా?" అని పోట్లాడించేవాడు గుర్తుందా? నువ్వు ఏడుస్తూ గెలిచేవాడివి.

నీ చెక్ చెప్పుల వాదం బాగుంది, ఒప్పుకున్నాను. అందుకే చెబుతున్నాగా, దుంగలు ఎటు చెబితే నేనూ అటే. నేను వర్యాగుల తరఫూ కాదు, స్లావుల తరఫూ కాదు. ఆ ఇంటి తరఫు. నువ్వు మాస్కో నుంచి కాగితం తెచ్చిన రోజున, అందులో ఏమున్నా సరే, మనిద్దరం కలిసి రాద్దాం. రెండు పేర్లు, నీది ముందు. డైరెక్టరుగారు కూడా శాంతిస్తారు.

అమ్మ ఉత్తరంలో పెద్దగా ఏమీ రాయదు. "అంతా బాగుంది, వెచ్చగా ఉంది, కేషా పనిలో ఉన్నాడు" అంతే. వారానికోసారైనా వెళ్తున్నావా? కొత్త సంవత్సరానికి నేను రాలేను, మ్యూజియం పైకప్పు కారుతోంది. నా బదులు నువ్వే ఆవిడకి బత్తాయిలు పట్టుకెళ్లు.

కాపా

*

లెనిన్‌గ్రాద్
1962 ఫిబ్రవరి 14

అక్కా,

కూర్చుని చదువు. ఎలా రాయాలో తెలీక మూడు కాగితాలు చింపేశాను.

మాస్కో బయల్దేరే ముందు గోనెల కోసం చూస్తే లేవు. అమ్మ పొయ్యిలో పెట్టేసింది. జనవరిలో చలి ఎలా ఉందో నీకూ తెలుసు. కట్టెల పాక తాళం గడ్డకట్టుకుపోయిందట, బీరువా వెనక చెక్కలు కనపడ్డాయట. ఎండిన చెక్క చక్కగా అంటుకుంది అనుకుంటూ రోజూ కొంచెం కొంచెం వేసుకుంది.

ఆవిణ్ణి ఏమీ అనకు. యుద్ధంలో జర్మన్లు మన ఊరిని దిగ్బంధించిన చలికాలంలో నాన్న పుస్తకాలు, కుర్చీలు, నా ఉయ్యాల తగలబెట్టిన చేతులవి. చెక్క కనపడితే ఆ చేతులు ఆగవు. పోయిన వారం అట్లకి పిలిచి మా ఇంటికి తీసుకొచ్చాం, ఒక్క అట్టు కూడా ముట్టకుండా ఏడుస్తూ కూర్చుంది. "కాపాకి నేనే రాస్తాను" అంటోంది. చూసి చూడనట్టు ఊరుకో. డెబ్భై దాటిన మనిషి.

మాస్కోలో ఆ ప్రయోగశాల వాళ్లకి నీ వంతు వదులుకుంటున్నట్టు చెప్పి వచ్చాను.

నీ బాధ నాది కూడా.

కేషా

*

స్తారయా లదోగా
1962 ఫిబ్రవరి 22

కేషా,

నీ ఉత్తరం వచ్చిన రోజునే అమ్మది కూడా వచ్చింది. "అవును కాపచ్కా, నేనే కాల్చాను, ముసలిదాన్ని, క్షమించు." అంతే ఉంది. పెన్సిలుతో రాసింది.

వెయ్యేళ్లు పైబడి తడి మట్టిలో చెక్కుచెదరకుండా ఉన్న ఇల్లురా! మంచు పట్టినా, వరదలొచ్చినా, పైన పది ఊళ్లు కట్టి కూల్చినా దానికి ఏమీ కాలేదు. కన్నతల్లి గదిలో ఒక్క చలికాలం నిలవలేదు. ఎవడైనా పరాయివాడు చేసుంటే చొక్కా పట్టుకుని నాలుగు తన్నేదాన్ని. ఇప్పుడు ఎవర్ని తన్నను?

దిగ్బంధం గురించి నువ్వు నాకు చెప్పకు. నువ్వు అప్పుడు యుద్ధంలో ఉన్నావు. నాన్న పుస్తకాలు అమ్మతో కలిసి నేనే చించి పొయ్యిలో వేశాను. ఒక్కొక్కటి వేసేముందు అమ్మ దాని పేరు పైకి చదివేది, "మా పావెల్ అన్నయ్యది, మీ నాన్న సావాది" అని ఎవరిదో చెప్పి క్షమాపణ అడిగేది. ఆ మనిషికి గోనె మీద నా చేతిరాత కనపడలేదా? "లదోగా, ముట్టుకోవద్దు" అని నల్ల సిరాతో ఇంతింత అక్షరాలు రాశాను. అదే నన్ను తినేస్తోంది. తెలీక కాల్చలేదు కేషా, చదివి కూడా కాల్చింది.

మ్యూజియంలో అందరికీ తెలిసిపోయింది. ఇల్లు తగలబడి ఒకడేడుస్తుంటే చుట్ట ముట్టించుకోవడానికి ఒకడు నిప్పడిగాడట. మా డైరెక్టరు వచ్చి, "అయితే ఆ గుంట పూడ్చేసి వేసవిలో అక్కడ బంగాళాదుంపలు వేసుకోవచ్చు కదా?" అన్నాడు.

మార్చి ఎనిమిదికి, ఆడవాళ్ల పండక్కి నేను రాను. అమ్మకి ఉత్తరం కూడా రాయను, రాస్తే ఏం రాస్తానో నాకే భయం. నువ్వే చూసుకో. నాకు ఇప్పుడు నువ్వొక్కడివే ఉన్నావు.

కాపా

*

లెనిన్‌గ్రాద్
1962 ఏప్రిల్ 25

అక్కా, బెంగపెట్టుకున్న అక్కా,

ఇంకా ఎన్నాళ్లు ఇలా? పోయింది పోయింది. నువ్వు తవ్వినంత లదోగా ఈ దేశంలో ఎవరూ తవ్వలేదు. ఇంకో ఇల్లు దొరుకుతుంది.

నువ్వు అమ్మకి కబురు పెట్టేలా చూడమని రిమ్మా నన్ను సతాయిస్తోంది. నేనేమో అక్కని తొందరపెట్టకు అంటున్నాను. మనసు కుదుటపడ్డాకే వెళ్లు. ఇప్పుడు వెళితే ఇద్దరూ ఏడుస్తారు, ఆవిడ రక్తపోటు పెరుగుతుంది.

ఒక చిన్న పని. నా పుస్తకం అచ్చుకి వెళుతోంది. లదోగా అధ్యాయంలో, అడుగు పొరలో ఏడాది తేలిన కట్టడం ఏదీ లేదని ఒక వాక్యం ఉంది. అది ఇప్పుడు నిజమే కదా. తవ్వినదానివి నువ్వు కాబట్టి, ఆ మాట నీ సంతకంతో ఒక పేజీలో రాసి ఇస్తే అడుగున అచ్చు వేస్తాం. పిన్నులు కూడా తర్వాతి కాలపు సరుకై ఉండొచ్చని ఒక ముక్క రాస్తే ఇంకా మంచిది. నీ పేరు పుస్తకంలో వస్తుంది, వచ్చే ఏడు తవ్వకానికి అనుమతి అడిగేటప్పుడు అది పనికొస్తుంది. నేను నీకోసమే ఆలోచిస్తున్నాను.

జాడీలు రెండూ దొరికాయి. పంపుతున్నాను.

కేషా

*

స్తారయా లదోగా
1962 జూన్ 3

కేషా,

అడిగిన కాగితం జతచేశాను. ఏడాది తేలలేదని రాశాను, అది నిజం. పిన్నులు తర్వాతివని రాయలేదు, అది నాకు తెలీదు. సరిపెట్టుకో.

అమ్మ ఎండు రొట్టె ముక్కలూ, ఉన్ని మేజోళ్లూ పార్సిలు పంపింది. విప్పకుండా తిప్పి పంపేశాను. పోస్టాఫీసులో అమ్మాయి, "మీ అమ్మగారి పార్సిలేనాండీ?" అని అడిగింది. "అవును, నాకేమీ అక్కర్లేదు" అన్నాను. ఇంటికొచ్చి ఉస్తీన్యా అవ్వకి చెబితే, "కన్నతల్లి రొట్టె తిప్పి పంపినదానికి నా పులుసు ఎందుకే?" అని ఆ పూట నాకు గిన్నె పెట్టలేదు.

ఈ వేసవి ఆ గుంటలో దిగబుద్ధి కావడం లేదు. కోట గోడ పక్కన తవ్వుతున్నాను. అక్కడ పదిహేడో శతాబ్దపు చెత్త తప్ప ఏమీ లేదు, అదే హాయిగా ఉంది.

కాపా

*

లెనిన్‌గ్రాద్, గ్లాఫీరా పిన్ని వంటగది
1962 అక్టోబరు 19

కేషా,

నువ్వు నొవ్‌గొరద్‌లో పుస్తకం పట్టుకుని ఉపన్యాసాలిస్తున్నావట. ఇది నీ ఇంటికే పంపుతున్నాను. రిమ్మా ముందు చదివితే చదవనీ.

అమ్మకి జ్వరమని పక్కగది గ్లాఫీరా పిన్ని టెలిగ్రాం ఇచ్చింది. రెండేళ్లలో ఇదే నేను రావడం. తలుపు తీయగానే వెచ్చగా తగిలింది. కిటికీ కింద రేడియేటరు, కొత్త రంగు వేసి ఉంది. పొయ్యి నోరు ఇటుకలు పెట్టి సిమెంటుతో మూసేశారు. ముందు అరుగు మీద అమ్మ టీ కప్పులు సర్దుకుంది, కింద గుడ్డ కూడా పరిచింది.

"ఇదెప్పుడు పిన్నీ?" అన్నాను.

"నీకు తెలీదటే? పోయినేడాది అక్టోబరులో గదులు వేడెక్కడానికి ఆవిరి గొట్టాలు వేశారుగా! పొయ్యిలన్నీ మూసేసి, కట్టెల పాక కూడా కూల్చేశారు. అప్పట్నుంచి ఈ మేడలో అగ్గిపుల్ల గీసేది గ్యాసు దగ్గరే" అంది పిన్ని.

జనవరి చలిలో మా అమ్మ కాల్చిందట! ఏ పొయ్యిలో రా, కేషా? గడ్డకట్టుకుపోయింది ఏ పాక తాళం? నువ్వు ఈ గదిలో అడుగుపెట్టి ఎన్నాళ్లయింది? పిన్నిని అడిగాను. "మీ తమ్ముడా? మెట్లెక్కడం ఆయనకి కష్టం కదమ్మా, మీ అమ్మ కోసం టాక్సీ పంపుతాడు" అంది. గోనెలు ఈ ఇంటికి అసలు రానేలేదట. ఐదో అంతస్తు, నడుం నొప్పి, ఎంత ముద్దుగా రాశావురా! వచ్చి ఒక్కసారి చూసుంటే పొయ్యి లేదని తెలిసేది, ఇంకో మంచి అబద్ధం అల్లుకునేవాడివి.

అమ్మకి జ్వరం తగ్గాక పక్కన కూర్చుని అడిగాను.

"అమ్మా, ఎందుకు రాశావు అలా?"

"వాడు అడిగాడే. అట్లకి తీసుకెళ్లిన నాడు, నా కాళ్ల దగ్గర కూర్చుని. లేకపోతే ఉద్యోగం పోతుందన్నాడు. పెద్దదానివి కదా, నువ్వు తట్టుకుంటావనుకున్నా. వాడు తట్టుకోలేడు."

"మరి పొయ్యి మూసేశారని వాడికి చెప్పలేదేం?"

గోడవైపు తిరిగి పడుకుంది. అప్పుడంది: "ఎందుకు చెప్పాలి? నువ్వు ఒక్కసారి వస్తే చూసుకుంటావనుకున్నా. మార్చిలో వస్తావనుకున్నా, మేలో అనుకున్నా. రాలేదు. పార్సిలు కూడా తిప్పి పంపావు."

కేషా, నా దుంగలు ఏం చేశావు? కంచే చేను మేసిందని విన్నాను గానీ, నా కంచె నువ్వేనని తెలీలేదు. నా చేత అమ్మ రొట్టె తిప్పి పంపించావు. సంతకం కూడా తీసుకున్నావు. ఏం చేశావో రాయి, వేషాలు లేకుండా రాయి.

కపితొలీనా

*

లెనిన్‌గ్రాద్
1962 అక్టోబరు 30

అక్కా,

రాస్తున్నాను. నువ్వు ఎలాగూ నన్ను క్షమించవు, అయినా.

మొదట్లో నేనేమీ అనుకోలేదు, ఒట్టు. లారీ వచ్చిన రోజున ఐదంతస్తులు ఎక్కే ఓపిక లేక, దాన్ని అలాగే ఊరవతల మా వేసవి ఇంటికి తోలించాను. నీతో మాత్రం అమ్మ గదిలో పెట్టానన్నాను. బద్ధకం, అంతే. వెళ్లి తీసుకొచ్చి పెడదామనుకున్నాను.

తర్వాత డిసెంబరులో డైరెక్టరు పిలిచాడు. "లదోగాలో మీ అక్కగారికి ఏదో వర్యాగు ఇల్లు దొరికిందటగా?" అన్నాడు. ఎవరు చెప్పారో తెలీదు. "ఏడాది ముందుకి తేలితే మీ అధ్యాయం గతేమిటి? మీ గతేమిటి?" అని నవ్వాడు. ఆ నవ్వు నీకు తెలీదు. నువ్వు లదోగా బురదలో హాయిగా ఉంటావు, ఇక్కడ మేం ఒక్క వాక్యానికి జీవితాలు పణం పెడతాం. పదమూడేళ్ల క్రితం, పరాయి దేశాల్ని పొగిడారన్న ఇలాంటి మాటకే ఎంతమంది కుర్చీలు పోయాయో మర్చిపోయావా?

జనవరి ఒకటిన వేసవి ఇంటికి అతిథులొచ్చారు, డైరెక్టరూ ఆయన భార్యా కూడా. మధ్యాహ్నం కట్టెలు తక్కువయ్యాయి. రిమ్మా "ఆ గోనెల్లోవి వేయనా?" అంది. నేను వద్దనలేదు. తర్వాత నేనే ఒక్కొక్కటి వేశాను. తారు వాసన వేసింది. డైరెక్టరు భార్య "ఎంత చక్కగా మండుతున్నాయి, ఏం చెక్క?" అని అడిగింది. దేవదారు అన్నాను.

అమ్మని అడగడం తప్పే. కానీ ఆవిడ కాకపోతే ఎవరు? ఇంకెవరు చేశారన్నా నువ్వు వాళ్లని బతకనిచ్చేదానివి కాదు. అమ్మనైతే ఒకనాటికి క్షమిస్తావనుకున్నాను.

కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందంటారు. ఇన్‌స్టిట్యూట్‌కి రాయకు, అక్కా. ఒక్క ఇంటికోసం తోబుట్టువుని రోడ్డున పడేస్తావా? అదొక్క ఇల్లు, అక్కా. రాజ్యం దాంతో పుట్టలేదు, దాంతో చావదు.

నీ కేషా

*

స్తారయా లదోగా
1963 నవంబరు 12

ఇన్నకెంతీ సావిచ్ గారికి,

ఏడాదిగా మీరు పంపిన ఉత్తరాలకి జవాబివ్వలేదు. ఇది కూడా జవాబు కాదు. వృత్తిలో ఉన్నవాళ్లకి అచ్చుకి ముందు చెప్పడం మర్యాద కాబట్టి చెబుతున్నాను.

మీ ఇన్‌స్టిట్యూట్‌కి ఏమీ రాయలేదు. రాయను. మీ కుర్చీ మీ దగ్గరే ఉంచుకోండి.

గుంటకీ గుంటకీ మధ్య తవ్వకుండా ఒక మట్టి గట్టు వదిలేస్తామని మీకు తెలుసు. రెండేళ్ల కిందట ఆగస్టులో వచ్చినప్పుడు దాని మీదే కూర్చుని పులుసు తాగారు. ఈ వేసవి ఆ గట్టు తీశాను. తూర్పు గోడ దుంగ చివర ఒకటి దాని కిందకి దూరి ఉంది, బెరడు అంచుతో సహా. దాన్ని నేనే కోసి, నేనే ఒళ్లో పెట్టుకుని మాస్కో వెళ్లాను. రైల్లో పక్కాయన "అదేమిటి, కేకా?" అని అడిగాడు.

నిన్న సమాధానం వచ్చింది. ఆ చెట్టు కొట్టింది 893 చలికాలంలో. సన్యాసి రాసిన పిలుపు ఏడాదికి ఒక తరం తర్వాత. పిన్నులు పెట్టుకున్న ఇల్లాలు రాజు కన్నా ముందు రాలేదు, రాజు వెనకాలే వచ్చింది. ఈ ఇంటి మటుకు మీరన్నదే నిజం, నేను అనుకున్నది తప్పు. నా వ్యాసం మొదటి పేరాలోనే ఆ మాట రాసి, నా పేరు పెట్టి అచ్చుకి పంపుతున్నాను. ఒక్క ఇంటితో అంతా తేలిపోదు. దీని కింద ఇంకా మట్టి ఉంది, తవ్వుతాను. అది వేరే సంగతి.

మీ పుస్తకం చూశాను. ఏడాది తేలిన కట్టడం లేదన్న చోట, నా సంతకం ఉన్న చోట, మీ వాదానికి ఇంతవరకూ దొరికిన అన్నిటికన్నా గట్టి సాక్ష్యం ఉండాల్సింది. దాన్ని మీ అతిథుల ముందు మీ చేత్తోనే పొయ్యిలో వేశారు. ఏముందో చూడనైనా చూడకుండా వేశారు. రాసినవన్నీ మీరు ఒక్కరోజు కూడా నమ్మలేదన్నమాట. మిమ్మల్ని నేను నమ్మాను. అదే నాకు ఇప్పటికీ మంటగా ఉంది.

అమ్మ వసంతం నుంచి ఇక్కడే నా దగ్గరుంది. ఉస్తీన్యా అవ్వతో రోజూ పోట్లాడి, రోజూ కలిసి టీ తాగుతుంది. నిన్న మాస్కో కాగితం చదివి వినిపించాను. ఆవిడకి సగం అర్థం కాలేదు.

"అయితే ఎవరి మాట నెగ్గినట్టే? కేషాదా?"

"అవునమ్మా, కేషాదే."

సంతోషిస్తుందనుకున్నాను. చేతిలో అల్లిక ఒళ్లో పెట్టుకుంది. తర్వాత అడిగింది:

"మరి నా చేత అబద్ధం ఎందుకు ఆడించాడే?"

ఇది మిమ్మల్ని అడగాల్సిన ప్రశ్న. ఆవిడకి మీరే రాయండి. పైన అమ్మ పేరే రాయండి, నా పేరు వద్దు.

కపితొలీనా సావిష్నా